ట్రెక్‌లో తాగునీటి శుద్ధి: తేలికైన పద్ధతి ఎంచుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాగు సర్దుకునే ముందు రోజు రాత్రి ప్రతివాళ్లకూ ఇవే సందేహాలు. ఫిల్టరా, బిళ్లలా, మరిగిస్తే సరిపోదా? అడిగినవాళ్లందరికీ విడివిడిగా రాసే బదులు జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి. నా పక్షపాతం మాత్రం ముందే చెప్పేస్తాను. శుద్ధి సాధనం ఎన్ని గ్రాములన్నది సగం లెక్కే. దానివల్ల వీపు మీద ఎన్ని లీటర్లు మోయాల్సి వస్తుందో కూడా కలిపితేనే అసలు బరువు తేలుతుంది.

## బయలుదేరక ముందు: నీళ్ల సంగతి

వాగు నీళ్లు అద్దంలా ఉన్నాయి, పైగా పారే నీళ్లు. అలాగే తాగితే ఏమవుతుంది?

చాలాసార్లు ఏమీ కాదు. అందుకే ఈ అలవాటు అంత తేలిగ్గా పోదు. నీళ్లు తేటగా ఉంటే మట్టి లేదని మాత్రమే అర్థం, జబ్బు చేసేవి కంటికి ఆనవు. ఎగువన మంద దాటిందో, వంపు అవతల ఏ జంతువు చచ్చిపడి ఉందో మీరు నిలబడ్డ చోటి నుంచి కనబడదు. పారినంత మాత్రాన క్రిములు చావవు, నీళ్లతో పాటే కిందికి వస్తాయి. జియార్డియా అనే పరాన్నజీవి కోశాలు (గట్టి పెంకులో ఉండే దాని రూపం) చల్లటి నీళ్లలో వారాల తరబడి బతుకుతాయి. జబ్బు చేయడానికి అవి ఓ పది కడుపులోకి పోయినా చాలు. రాతి పగుల్లోంచి అప్పుడే ఉబికే ఊట వీటికంటే నయం, అయినా దానికీ పూచీ లేదు.

బ్యాక్టీరియా, వైరస్, ప్రోటోజోవా అంటారు. ఈ తేడాలన్నీ నాకెందుకు?

ఏ పద్ధతి దేన్ని వదిలేస్తుందో ఈ తేడాతోనే తెలుస్తుంది. వీటిలో ప్రోటోజోవాలు, అంటే ఏకకణ పరాన్నజీవులు, పెద్దవి. జియార్డియా కోశం సుమారు 8–12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), క్రిప్టోస్పోరిడియం (క్రిప్టో) 4–6 మైక్రాన్లు ఉంటాయి. మంచి ఫిల్టర్ ఏదైనా వీటిని పట్టేస్తుంది. కానీ క్రిప్టో పెంకు గట్టిది, మామూలు క్లోరిన్‌కు లొంగదు. ఈ.కోలై, సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా చాలామటుకు 0.2 మైక్రాన్లకు పైనే ఉంటుంది. అది ఫిల్టరుకూ లొంగుతుంది, క్లోరిన్ లాంటి మందుకూ లొంగుతుంది. వైరస్‌లు మరీ చిన్నవి, 0.1 మైక్రాన్ కంటే తక్కువే. మామూలు ట్రెకింగ్ ఫిల్టర్‌లోంచి జారిపోతాయి, మందుకు మాత్రం త్వరగా చస్తాయి. అంటే ఫిల్టర్‌కు చిక్కనిది వైరస్, మామూలు క్లోరిన్ బిళ్లకు లొంగనిది క్రిప్టో. మరిగిస్తే మూడూ పోతాయి.

అడవిలో, కొండల్లో వైరస్‌లు ఎక్కణ్ణుంచి వస్తాయి? వాటికోసం ఖర్చు పెట్టాలా?

మనుషులకు జబ్బు చేసే నీటి వైరస్‌లు ప్రధానంగా మనుషుల మలం నుంచే వస్తాయి. హెపటైటిస్ ఏ, నోరోవైరస్, రోటావైరస్ అలాంటివే. కాబట్టి మ్యాపు తీసి, మీరు నీళ్లు పట్టే చోటికి ఎగువన ఊళ్లున్నాయా, రద్దీ క్యాంపులున్నాయా, జనం బహిర్భూమికి వెళ్లే బాట ఉందా చూడండి. ఎవరూ తిరగని లోయ అయితే మామూలు ఫిల్టర్ చాలు. జనసంచారం ఉంటే ఫిల్టర్ చేసిన నీళ్లలో ఒక క్లోరిన్ బిళ్ల కూడా వేసి, దాని పెట్టె మీద రాసినంత సేపు ఆగండి. క్రిప్టోను ఫిల్టర్ అప్పటికే ఆపేసింది కాబట్టి బిళ్ల పని వైరస్‌లను చంపడమే. దానికి మామూలుగా అరగంట సరిపోతుంది. ఈ జోడీకి అదనంగా అయ్యే బరువు కొన్ని గ్రాములే.

మొన్న వడగట్టకుండానే తాగాను, మర్నాడు కూడా బాగానే ఉన్నాను. నీళ్లు మంచివేనన్నమాటేగా?

కాదు. నోరోవైరస్ అయితే 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది. క్యాంపిలోబ్యాక్టర్‌కు రెండు నుంచి ఐదు రోజులు, జియార్డియాకు ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పటికి మీరు ఇంటికొచ్చి, బూట్లు కడిగి, ఆఫీసుకు వెళ్తూ ఉంటారు. కడుపు పట్టేసినప్పుడు నిన్నటి భోజనాన్ని అనుమానిస్తారే తప్ప పది రోజుల కిందటి వాగు గుర్తుకు రాదు. "ఎన్నో ఏళ్లుగా తాగుతున్నాను, ఏమీ కాలేదు" అన్న మాటల్లో కొన్ని ఇలా పుట్టినవే.

పొలాల పక్కన, గనుల దగ్గర నీళ్లు కూడా ఫిల్టర్ చేసి తాగొచ్చా?

వద్దు. ఎరువులు, పురుగుమందులు, కరిగి ఉన్న లోహాలు ఫిల్టర్ రంధ్రాల్లోంచి నీళ్లతో పాటే వచ్చేస్తాయి. బిళ్లలు, యూవీ (అతినీలలోహిత) కాంతి వాటిని ఏమీ చేయలేవు. మరిగిస్తే నీళ్లు కొంత ఆవిరైపోయి అవి ఇంకాస్త చిక్కబడతాయి. ఉత్తేజిత బొగ్గు ఉన్న కార్ట్‌రిడ్జ్ వాసనను, కొన్ని పురుగుమందుల్ని కొంత తగ్గిస్తుంది. దాన్ని నమ్ముకుని గని కింది వాగు నీళ్లు తాగకండి. మడుగు మీద పచ్చరంగు ఒలకబోసినట్టు నీలి-ఆకుపచ్చ తెట్టు కనబడినా దాటి వెళ్లిపోండి. ఆ సయానోబ్యాక్టీరియా విషాలు మరిగించినా పోవు. ఉప్పు నీళ్లు కూడా అంతే, ఈ పద్ధతుల్లో ఏదీ ఉప్పు తీయదు.

## ఎంచుకునేటప్పుడు

అన్నా, ఒక్క ముక్కలో చెప్పు. అన్నిటికంటే తేలికైనది ఏది?

తూకం వేస్తే బిళ్లలే. నాలుగు రోజులకు సరిపడా అట్ట కూడా చేతిలో ఉన్నట్టే అనిపించదు. కానీ క్లోరిన్ డయాక్సైడ్ బిళ్ల క్రిప్టోను చంపడానికి నాలుగు గంటలు ఆగమంటుంది. నడిచే మనిషి గంటకు అర లీటరు తాగుతాడనుకుంటే నాలుగు గంటలకు రెండు లీటర్లు, అంటే రెండు కిలోలు. ఆ రెండు కిలోలూ పక్కన వాగు పారుతున్నా వీపు మీద మోయాలి. 60 నుంచి 90 గ్రాములుండే స్క్వీజ్ ఫిల్టర్ (సంచిలో నీళ్లు నింపి పిండే రకం) ఉన్నవాడు ఒడ్డున కూర్చుని కడుపునిండా తాగి, ఒక లీటరు నింపుకుని లేచిపోతాడు.

గంటకో వాగు తగిలే దారైతే ఫిల్టరే తేలిక. పొద్దున ఒకచోట, సాయంత్రం ఒకచోట తప్ప నీళ్లు దొరకని దారిలో ఎలాగూ నాలుగు లీటర్లు మోయాలి, ఆ నడకలోనే బిళ్ల తన పని చేసుకుపోతుంది. అక్కడ బిళ్లలు గెలుస్తాయి. దారి చూడకుండా "తేలికైనది ఏది" అంటే జవాబు లేదు.

ఫిల్టర్, ప్యూరిఫైయర్ ఒకటే కదా? పేర్లే మారుస్తున్నారా?

ఒకటి కాదు. ప్యూరిఫైయర్ అనిపించుకోవాలంటే వైరస్‌లను కూడా తీసేయాలి. అమెరికా పర్యావరణ సంస్థ 1987లో పెట్టిన ప్రమాణం ప్రకారం బ్యాక్టీరియా 99.9999 శాతం, వైరస్‌లు 99.99 శాతం, ప్రోటోజోవాలు 99.9 శాతం తగ్గాలి. మొదటి, మూడో గీటురాళ్లు చాలా ఫిల్టర్లు దాటేస్తాయి, ఆగిపోయేది మధ్యదాని దగ్గరే. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న 99.9999 చూసి మురిసిపోకుండా, కింద చిన్నక్షరాల్లో వైరస్ అన్న మాట ఉందో లేదో వెతకండి. వైరస్‌లను కూడా ఆపే పంపులు, నొక్కే సీసాలు ఉన్నాయి. ఎంఎస్ఆర్ గార్డియన్, గ్రేల్ జియోప్రెస్ అలాంటివే. రెండూ దగ్గరదగ్గర అరకిలో బరువు.

0.1 మైక్రాన్, 0.2 మైక్రాన్... చిన్న అంకె అయితే మంచిదేనా?

0.2 కూడా బ్యాక్టీరియాకు, ప్రోటోజోవాకు చాలు. చూడాల్సింది అంకె పక్కనున్న "అబ్సల్యూట్" అనే మాట. అది ఉంటే ఏ రంధ్రమూ అంతకంటే పెద్దది కాదని. "నామినల్" అని ఉంటే అది సగటు లాంటిది, అక్కడక్కడ పెద్ద రంధ్రాలు ఉండొచ్చు. రంధ్రం చిన్నదయ్యే కొద్దీ ధార సన్నబడుతుందని కూడా గుర్తుంచుకోండి.

స్ట్రా, స్క్వీజ్, పంపు, గ్రావిటీ. కొత్తవాణ్ణి, ఏది కొనాలి?

ఒక్కరో ఇద్దరో నడిచేటట్టయితే స్క్వీజ్ ఫిల్టర్. లోపల సన్నటి గొట్టాల్లాంటి పీచుల కట్ట ఉంటుంది, సంచిలో మురికి నీళ్లు నింపి పిండితే అవతల మంచి నీళ్లు వస్తాయి. సాయర్ స్క్వీజ్, కటాడిన్ బీఫ్రీ ఈ రకమే. స్ట్రా చవగ్గా, తేలిగ్గా ఉంటుంది కానీ వాగు మీద బోర్లా పడుకుని తాగాలి, పైగా వంటకు నీళ్లు పట్టలేరు. దాన్ని నేను ఎవరికీ చెప్పను. పంపు ఫిల్టర్ బరువే, అయితే బండల మధ్య గుప్పెడు లోతు చెలమలోంచి నీళ్లు లాగాలంటే దానికి సాటి లేదు.

కొనేముందు సీసా మరలు సరిపోతాయో లేదో చూసుకోండి. సాయర్‌కు మామూలు కూల్‌డ్రింక్ సీసాల 28 మిల్లీమీటర్ల మూతి సరిపోతుంది. బీఫ్రీది 42 మిల్లీమీటర్లు, దానికి ఆ కొలత సంచే కావాలి. దారిలో సంచి చిరిగినప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది.

మేం ఆరుగురం వెళ్తున్నాం. తలా ఒక ఫిల్టర్ పట్టుకెళ్లాలా?

అక్కర్లేదు. ఒక గ్రావిటీ సంచి, దానికి తోడు ఒక చిన్న స్క్వీజ్ ఫిల్టర్ చాలు. మురికి నీళ్ల సంచిని కొమ్మకు కట్టి గొట్టం కిందికి వదిలితే, మీరు గుడారం వేసుకునేలోపు నీళ్లు వాటంతటవే దిగుతాయి. నాలుగు లీటర్ల సెట్ దాదాపు 300 గ్రాములుంటుంది, ఆరుగురికి పంచితే మనిషికి 50. సంచి ఎంత ఎత్తున కడితే ధార అంత జోరు.

బిళ్లల్లో క్లోరిన్, అయోడిన్, క్లోరిన్ డయాక్సైడ్ అని మూడున్నాయి. తేడా ఏమిటి?

మామూలు క్లోరిన్ బిళ్ల, అంటే ఆక్వాట్యాబ్స్ లాంటిది, అరగంటలో బ్యాక్టీరియాను, వైరస్‌లను చంపుతుంది. క్రిప్టో మీద పని చేయదు. అయోడిన్ కూడా క్రిప్టో ముందు ఓడిపోతుంది, రుచీ బాగోదు. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి వెళ్లకూడదు. నీటి శుద్ధికి అయోడిన్ అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ 2009లోనే ఆపేసింది. క్లోరిన్ డయాక్సైడ్ ఒక్కటే క్రిప్టోను కూడా చంపగలదు. పెట్టెల మీద సాధారణంగా బ్యాక్టీరియా, వైరస్‌లకు 15 నిమిషాలు, జియార్డియాకు అరగంట, క్రిప్టోకు నాలుగు గంటలు అని ఉంటుంది. బిళ్లలనే నమ్ముకుని వెళ్లేటట్టయితే ఇదే కొనండి.

యూవీ పెన్ను చూశాను, నిమిషంన్నరలో లీటరు అట. అదే కొనేయనా?

తేట నీళ్లు దొరికే దారైతే సౌకర్యమే. 254 నానోమీటర్ల యూవీ కాంతి క్రిముల జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంది. అవి చచ్చినా చావకపోయినా సంతతి పెంచుకోలేవు కాబట్టి జబ్బు చేయలేవు. వైరస్, బ్యాక్టీరియా, క్రిప్టో మూడింటి మీదా పని చేస్తుంది, రుచి మారదు. నాకు దీనితో ఉన్న పేచీలు రెండు. నీళ్లు మసకగా ఉంటే మట్టి రేణువు నీడలో క్రిమి దాక్కుంటుంది. రెండోది బ్యాటరీ. చలికి నీరసపడుతుంది, కింద పడితే దీపం పగులుతుంది, అప్పుడు చేతిలో మిగిలేది ప్లాస్టిక్ కర్ర. వెలుతురు పడేంత సేపూ నీళ్లు కలుపుతూ ఉండాలన్నది చాలామంది మరిచిపోతారు. సీసా అంచుకు అంటుకున్న తడి మీద ఆ కాంతి పడదు, దాన్ని తుడవాలి.

అంత ఎందుకు, మరిగించుకుంటే పోలా?

పోతుంది, అంతకంటే నమ్మకమైనది లేదు. కానీ గాలి లేని రోజున కూడా లీటరు మరగడానికి 10 నుంచి 15 గ్రాముల గ్యాసు ఖర్చవుతుంది, గాలికి ఇంకా ఎక్కువ. ఒక మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, మూడు రోజులంటే 120 గ్రాములు దాటుతుంది. అప్పటికే ఫిల్టర్ బరువు మించిపోయారు. ఆపైన చల్లారేదాకా వేడి నీళ్లు పట్టుకుని కూర్చోవాలి. నడకలో తాగే నీళ్లకు ఇది కుదరదు. సాయంత్రం వంటకు ఎలాగూ మరిగే నీళ్లకు మాత్రం విడిగా ఫిల్టర్ చేయడం దండగ.

పసిపిల్లలు, గర్భిణి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు వెంట ఉంటే?

వాళ్ల నీళ్లు మరిగించండి, లేదా వైరస్‌లను కూడా ఆపే ప్యూరిఫైయర్ వాడండి. ఆరోగ్యవంతుడికి రెండు వారాల్లో తగ్గే క్రిప్టో, రోగనిరోధక శక్తి లేనివాళ్లకు ప్రాణాంతకం కావచ్చు. ఇక్కడ గ్రాములు లెక్కపెట్టొద్దు.

ఫిల్టర్ ఉంటే చాలదా? రెండోది కూడా ఎందుకు?

ఫిల్టర్ గడ్డకట్టవచ్చు, మూసుకుపోవచ్చు, బండ మీద మరిచిపోయి రావచ్చు. పది బిళ్లలు ప్రథమ చికిత్స పెట్టెలో పడేయండి. ఉన్నట్టే తెలీదు.

## నీటి దగ్గర

వాగులో ఎక్కడ పట్టాలి?

బాట వాగును దాటే చోటికి ఎగువన. జనం, జంతువులు దిగేది దాటే చోటే కాబట్టి ఇంకాస్త పైకి నడవండి. అడుగు కెలక్కుండా పైపొరకు కొంచెం కింద ముంచండి. చెరువైతే గాలి చెత్తను నెట్టుకొచ్చే ఒడ్డు వదిలేసి రెండో ఒడ్డుకు వెళ్లండి. రెండు పాయలు కలిసే చోట, మంచు కరిగి తెల్లగా పాలలా వచ్చే పాయను వదిలి తేట పాయలో పట్టండి. ఆ తెలుపు రాతి పిండి, ఫిల్టర్‌కు శత్రువు.

దొరికింది బురద నీళ్లే. ఇప్పుడేం చేయాలి?

తొందరపడి ఫిల్టర్‌లో పోయకండి, ఒక్క లీటరుకే మూసుకుపోతుంది. ముందు గుడ్డను నాలుగు మడతలు వేసి వడగట్టి ఆకులు, పురుగులు తీసేయండి. తర్వాత గిన్నెలో కదపకుండా వదిలేస్తే ఒండ్రు అడుగుకు చేరి పైన తేరుకుంటుంది. రాత్రి పెట్టి పొద్దున చూస్తే తేడా తెలుస్తుంది. అంత సమయం లేకపోతే లీటరుకు చిటికెడు కంటే తక్కువ పటిక పొడి కలిపి, మెల్లగా కొన్ని నిమిషాలు తిప్పి వదిలేయండి. పొగలా తేలుతున్న మట్టి దూదిపింజల్లా ముద్దకట్టి కిందికి దిగడం కళ్లముందే కనబడుతుంది. పైనున్న తేట నీళ్లు మెల్లగా వంచుకుని అప్పుడు ఫిల్టర్ చేయండి, లేదా బిళ్ల వేయండి. పటిక నీళ్లను తేటపరుస్తుందంతే, క్రిముల్ని చంపిందని నమ్మకూడదు.

మురికి నీళ్లలోనే బిళ్ల వేస్తే మందు సగం ఆ మట్టీ ఆకుల కుళ్లు మీదే ఖర్చయిపోతుంది.

సంచి పిండుతుంటే పిగిలిపోతోంది. నా పట్టులో తప్పా, సంచిలో తప్పా?

ఎక్కువగా ఒత్తిడే తప్పు. ధార సన్నబడితే ఇంకా గట్టిగా పిండటం మనిషి నైజం, అప్పుడు అతుకు దగ్గర విడిపోతుంది. సంచిని రెండు చేతుల మధ్య మెలి తిప్పకండి. అడుగు నుంచి చుట్టుకుంటూ నిదానంగా నొక్కండి. అయినా రాకపోతే ఫిల్టర్‌ను కడగాల్సిన వేళయిందని అర్థం. నింపేటప్పుడు మురికి సంచి బయటివైపు కారిన చుక్కలు మంచి నీళ్ల సీసాలో పడతాయి, ముందు తుడవండి. మురికి సంచి, మంచి సీసా ఒకే రంగులో లేకుండా చూసుకుంటే చీకట్లో తారుమారు కావు.

బిళ్ల వేసి అరగంట ఆగాను. ఇంకేమైనా చేయాలా?

సీసా మూతి దగ్గర ఆగండి. వాగులో ముంచినప్పుడు మరల మధ్య చేరిన మురికి నీటి చుక్క ఇంకా అక్కడే ఉంది, మందు దాన్ని తాకనే లేదు. మీ పెదవి తగిలేది సరిగ్గా అక్కడే. బిళ్ల కరిగాక మూత కొంచెం వదులు చేసి, సీసా తలకిందులు చేసి, మందు కలిసిన నీళ్లు మరల మీదుగా కారనివ్వండి. తర్వాత మూత బిగించి, అప్పటినుంచి సమయం లెక్కపెట్టండి. నీళ్లు మంచులా చల్లగా ఉంటే పెట్టె మీది సమయానికి రెట్టింపు ఆగడం మంచిది, చలిలో మందు నిదానంగా పని చేస్తుంది. రుచి పోవడానికి వేసే విటమిన్ సి లేదా పానీయాల పొడి ఆ సమయం పూర్తయ్యాకే వేయాలి. ముందే వేస్తే అది మందునే చంపేస్తుంది.

ఇంట్లో వాడే బ్లీచ్ చుక్కలు వేయొచ్చా?

అత్యవసరంలో వేయొచ్చు. 5 నుంచి 9 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న, వాసన, రంగు కలపని బ్లీచ్ అయితే లీటరు తేట నీళ్లకు 2 చుక్కలు, మసక నీళ్లకు 4. కలిపి అరగంట ఆగాలి. క్రిప్టోను ఇదీ చంపదు. సీసా పాతబడితే బలం తగ్గుతుంది.

ఎన్ని నిమిషాలు మరగాలి? పైన నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కదా?

సలసలా మరగడం మొదలయ్యాక ఒక నిమిషం, 2000 మీటర్లు దాటాక మూడు నిమిషాలు. పది నిమిషాలన్నది పాత అలవాటు, గ్యాసు దండగ. 3000 మీటర్ల ఎత్తున నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయన్నది నిజమే, కానీ జబ్బు చేసే క్రిములు అంతకంటే తక్కువ వేడికే చస్తాయి. ఆ అదనపు నిమిషాలు జాగ్రత్త కోసం.

ఏ సాధనమూ లేదు, ఎండ మాత్రం ఉంది. సీసా ఎండలో పెడితే నిజంగా పని చేస్తుందా?

చేస్తుంది. రంగులేని రెండు లీటర్ల లోపు పెట్ సీసాలో (మామూలు కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా) తేట నీళ్లు నింపి, ఎండలో పడుకోబెట్టి ఆరు గంటలు, మబ్బుగా ఉంటే రెండు రోజులు ఉంచాలి. నడుస్తూ చేసే పని కాదు. విడిది చేసిన రోజుకు సరే.

## చలి, మంచు

రాత్రి ఫిల్టర్ గుడారం బయట ఉండిపోయింది, పొద్దున గడ్డకట్టింది. కరిగాక వాడొచ్చా?

వాడకండి. ఒకసారి తడిసిన పీచు ఫిల్టర్‌లో నీళ్లు గడ్డకట్టి వ్యాకోచిస్తే పీచులు చిట్లుతాయి. బయటికి ఏమీ కనబడదు. పైగా ధార మునుపటికంటే జోరుగా వస్తుంది, అదే మోసం. తడి పీచులోంచి గాలి తేలిగ్గా పోదు కాబట్టి, ఊది బుడగలు చూసే పరీక్షను కొన్ని కంపెనీలు తమ ఫిల్టర్లకు ఇస్తాయి. మీ ఫిల్టర్‌కు అలాంటి పరీక్ష లేకపోతే అనుమానం వచ్చిన రోజే పక్కన పెట్టి బిళ్లలకు మారండి. చలి రాత్రుల్లో నీళ్లు విదిల్చి, జిప్ సంచిలో పెట్టి, పడుకునే సంచిలో మీ పక్కనే ఉంచుకోండి. పగలు జాకెట్ లోపలి జేబులో. కొత్తగా కొని ఇంకా తడపని ఫిల్టర్‌కు మాత్రం ఈ భయం లేదు.

మంచు కరిగించి తాగితే శుద్ధి అక్కర్లేదా?

అక్కర ఉంది. కరిగించడానికి ఎలాగూ పొయ్యి వెలిగించారు, ఇంకాస్త ఆగి మరగనివ్వండి. గిన్నె అడుగున ముందు కొన్ని నీళ్లు పోసి, దాంట్లో మంచు కొంచెం కొంచెంగా వేయండి. ఉత్త మంచు వేస్తే అడుగు మాడి ఆ వాసన నీళ్లకు పడుతుంది. గ్యాసు లెక్క కూడా మారుతుంది. సున్నా డిగ్రీల నీళ్లను 100కు తేవడానికి ఎంత వేడి కావాలో, దానిలో దాదాపు 80 శాతానికి సమానమైన వేడి అదనంగా మంచును నీళ్లుగా మార్చడానికే పోతుంది. గులాబీ రంగు మంచు వదిలేయండి, అది నాచు.

## క్యాంపులో, తిరిగి వచ్చాక

ఫిల్టర్ కొన్నప్పుడు జోరుగా వచ్చేది, ఇప్పుడు చుక్కలు చుక్కలు. పాడైపోయిందా?

చాలావరకు మూసుకుపోయిందంతే. సిరంజితో వచ్చే రకమైతే శుభ్రమైన నీళ్లు నింపి, మంచి నీళ్లు వచ్చే వైపు నుంచి వెనక్కి గట్టిగా కొట్టండి. భయపడుతూ మెల్లగా నొక్కితే నీళ్లు తేలికైన దారులు వెతుక్కుని పోతాయి, మూసుకున్న పీచులు అలాగే ఉంటాయి. మొదటి ధార గోధుమరంగులో వస్తుంది, తేటగా వచ్చేదాకా కొట్టండి. బీఫ్రీ లాంటివాటికి సిరంజి లేదు, నీళ్లలో ఊపి కడగడమే. సున్నం ఎక్కువున్న నీళ్లు వాడి ఎండిపోయిన ఫిల్టరైతే వెనిగర్‌లో నానబెట్టి, మళ్లీ వెనక్కి కొట్టి చూడండి.

ఇంటికొచ్చాక ఎలా దాచాలి?

తడిగా మూటకట్టి అలమారాలో పెడితే బూజు, వాసన. ముందు శుభ్రమైన నీళ్లతో వెనక్కి కొట్టి, ఆ తర్వాత కంపెనీ చెప్పిన పాళ్లలో బ్లీచ్ నీళ్లు పంపించి, విదిల్చి, గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. వేడి నీళ్లలో మరిగించకండి, పీచుల జిగురు కరుగుతుంది. తర్వాతి ప్రయాణానికి ముందు రోజు ఒకసారి ఇంట్లో నీళ్లు పట్టి చూడండి. ఎండిన పీచులు తడిసి దారికి రావడానికి కాసేపు పడుతుంది, ఆ కాసేపు వాగు ఒడ్డున చాలా పొడుగ్గా ఉంటుంది.

ప్రతి చుక్కా ఫిల్టర్ చేశాం. అయినా ఇద్దరికి విరేచనాలు. ఎలా?

ముందు చేతుల్ని అనుమానించండి. మల విసర్జన తర్వాత కడగని చేయి అందరూ తినే పొట్లంలో దూరితే ఏ ఫిల్టరూ ఆపలేదు. శానిటైజర్ నోరోవైరస్ మీద బలహీనం, క్రిప్టో మీద పని చేయదు, సబ్బే నయం. మల విసర్జన, గిన్నెలు కడగడం నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో చేయండి, అంటే సుమారు 70 పెద్ద అడుగులు. పళ్లు తోముకోవడానికి, కప్పు తొలవడానికి వాగు నీళ్లు వాడలేదు కదా?

దారిలోనే మొదలైంది. ఏం చేయాలి?

పోయిన నీళ్లు, ఉప్పు తిరిగి ఇవ్వాలి. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు శుద్ధి చేసిన నీళ్లలో ఆరు తలగొట్టు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. మలంలో రక్తం, తగ్గని జ్వరం, తాగింది తాగినట్టు వాంతి కావడం, మూత్రం రాకపోవడం కనబడితే ట్రెక్ అక్కడితో ఆపి కిందికి దించేయండి. ఇంటికొచ్చాక వారం దాటినా తగ్గకపోతే డాక్టరుకు వాగు నీళ్ల సంగతి చెప్పండి. జియార్డియాకు మలపరీక్ష విడిగా రాయాల్సి రావచ్చు.

పోయినసారి మిగిలిన బిళ్లలు ఉన్నాయి. గడువు దాటింది, అట్ట బాగానే ఉంది. వాడొచ్చా?

కొత్తవి కొనండి. అట్ట చిరిగి గాలి తగిలిన బిళ్లయితే గడువు లోపల ఉన్నా పారేయండి.